సిక్లిడ్‌ల కాపురాలు, కొట్లాటలు

(అక్వేరియం పెంచేవాళ్ళ సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. స్లైడ్‌లు ఏమీ తేలేదు. మాట్లాడుకుందాం, మధ్యలో అనుమానం వస్తే ఆపెయ్యండి.

ఈరోజు మాట సిక్లిడ్‌ల గురించి, అంటే ఏంజెల్, ఆస్కార్, తిలాపియా లాంటివి ఉండే చేపల కుటుంబం. మొదట ఒకటి అడుగుతాను. షాపుకెళ్ళి "అన్నా, ఇది కొడుతుందా?" అని అడిగి చేప కొన్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. దాదాపు అందరూ. సరే, షాపతను ఏం చెప్పాడు? "కొట్టదు సార్, చిన్నప్పట్నుంచీ కలిపి పెంచితే ఏమీ చెయ్యదు" అన్నాడు. అవునా? అతను అబద్ధం చెప్పలేదండి. అంగుళంన్నర పిల్లగా ఉన్నప్పుడు నిజంగానే పెద్దగా ఏమీ చెయ్యదు. గుడ్లు పెట్టే వయసొచ్చాకే అసలు కథ. అందుకే నేనేమంటానంటే, ఆ ప్రశ్న పక్కన పెట్టి "ఇది పిల్లల్ని ఎలా పెంచుతుంది?" అని అడగండి. దానికి జవాబు తెలిస్తే ఎవరిని కొడుతుంది, ఎప్పుడు కొడుతుంది, ట్యాంకులో ఏ మూల కొడుతుంది, ఇవన్నీ మనం ముందే చెప్పేయొచ్చు. ఈరోజు నేను చెప్పేది ఈ ఒక్క ముక్కే, మిగతాదంతా దాని చుట్టూ తిరిగే ముచ్చట.

ఎందుకంటే చూడండి, మన చెరువుల్లో కట్ల ఉంది, రోహు ఉంది. ఆడది లక్షల్లో గుడ్లు వదిలేసి తన దారిన తను పోతుంది. బతికినవి బతుకుతాయి. దానికి కాపలా అనే పనే లేదు, కాబట్టి హద్దు కోసం కొట్టుకోవాల్సిన అవసరమూ లేదు. సిక్లిడ్ అలా కాదు. పదుల్లోనో వందల్లోనో పెడుతుంది, పెద్ద చేపైతే వెయ్యి, రెండు వేలు. పెట్టినవాటిని కాచుకుంటుంది. ఈ కుటుంబంలో ఇప్పటికి 1,700కి పైగా జాతులకు పేర్లు పెట్టారు, వాటన్నిటిలో ఏదో ఒక రూపంలో తల్లో తండ్రో ఇద్దరూనో పిల్లల్ని చూసుకుంటారు. మనం "పొగరు" అంటున్నది చాలావరకు ఆ కాపలాయే.

సిక్లిడ్‌లంటే ఆఫ్రికా, అమెరికా చేపలనే అనుకుంటాం కదా, మన దేశానికీ సొంతంగా మూడున్నాయి. కేరళవాళ్ళ కరిమీన్ ఒకటి, 2010లో దాన్ని వాళ్ళ రాష్ట్ర చేపగా ప్రకటించారు. ఆరెంజ్ క్రోమైడ్ ఒకటి. కర్ణాటక నదుల్లో ఉండే కెనరా పెర్ల్‌స్పాట్ ఇంకొకటి. ఇక సొంతం కాకపోయినా మన చెరువుల్లో స్థిరపడిపోయింది తిలాపియా. మొజాంబిక్ తిలాపియాని 1952లో తెచ్చారు. వేసవిలో చెరువు ఇంకిపోతున్నప్పుడు ఒడ్డు పక్కన గుండ్రంగా గుంటలు కనబడతాయి, చూశారా ఎవరైనా? అవి తిలాపియా మగవి తవ్వుకున్నవే. నల్లగా మారి ఒక్కొక్కటి ఒక్కో గుంట పట్టుకుని పక్కవాణ్ణి తరుముతూ ఉంటుంది. ఆడది వస్తుంది, గుడ్లు పెడుతుంది, నోట్లో వేసుకుని వెళ్ళిపోతుంది. నోట్లో గుడ్లు మోసే సిక్లిడ్‌ల కాపురం ఎలా ఉంటుందో తెలియాలంటే ఆఫ్రికాలోని మలావీ సరస్సు దాకా పోనక్కర్లేదు, ఊరి చెరువు గట్టు మీద కూర్చుంటే చాలు.

జంట కట్టే చేపలు

ముందు జంట కట్టేవాటి సంగతి చూద్దాం. ఏంజెల్, ఆస్కార్, డిస్కస్, రామ్, క్రిబెన్సిస్, కాన్విక్ట్, ఇవన్నీ ఈ బాపతే. ఇంట్లో చూసి నేర్చుకోవడానికి కాన్విక్ట్‌ని మించింది లేదు. మధ్య అమెరికా చేప, నల్లచారలది, షాపుల్లో జీబ్రా సిక్లిడ్ అని కూడా అంటారు. చవక. ఏ నీళ్ళలోనైనా బతుకుతుంది. అసలు గుడ్లు పెట్టకుండా ఆపడమే కష్టం.

ఇందులో మగది పెద్దది, ఆడదానికి పొట్ట మీద నారింజ రంగు మచ్చలు. రెండూ పక్కపక్కన నిలబడి తోకలతో నీళ్ళు కొట్టుకుంటాయి, మొప్పలు విప్పుకుంటాయి, ఒక్కోసారి మూతులు పట్టుకుని లాక్కుంటాయి. అది చూడగానే మనకు టెన్షన్, వల పట్టుకుని పరుగెత్తుతాం. ఆగండి. రెండూ సమానంగా లాక్కుంటున్నాయంటే ఒకదాని సత్తా ఒకటి చూసుకుంటున్నాయని. నెల రోజులపాటు పిల్లలకి కాపలా కాయాలంటే ఎదుటిదానికి దమ్ముందో లేదో తెలియాలి కదా? ఒకటే తరుముతూ రెండోది నీళ్ళ పైన మూలకి చేరి, ఫిన్లు ముడుచుకుని కదలకుండా ఉందనుకోండి, అప్పుడు తీసెయ్యండి. ఇంక ఆలస్యం చెయ్యొద్దు.

జోడీ కుదిరాక ఒక రాయో, పూలకుండీ లోపలి వైపో ఎంచుకుని నోటితో రుద్ది రుద్ది శుభ్రం చేస్తాయి. గుడ్లు పెట్టడానికి ఒకటి రెండు రోజుల ముందు పొట్ట కింద చిన్న గొట్టం బయటికి కనబడుతుంది. గుడ్లు పడ్డాక ఆడది ఫిన్లతో విసురుతూ అక్కడే ఉంటుంది, మగది బయట చుట్టూ తిరుగుతుంది. 26, 27 డిగ్రీల నీళ్ళలో సుమారు మూడు రోజులకి పగులుతాయి. పిల్లలు ఈదలేవు, నేల మీద వణుకుతూ పడి ఉంటాయి. వాటిని నోటితో తీసి కంకరలో తవ్విన గుంటలోకి మారుస్తాయి, మర్నాడు ఇంకో గుంటలోకి. ఇంకో నాలుగైదు రోజులకి ఈదుతాయి.

ఇప్పుడు చెప్పండి, ఏ దశలో తల్లిదండ్రులు ఎక్కువ కొడతాయి? గుడ్లప్పుడా? కాదు. పిల్లలు ఈదడం మొదలెట్టాక. రెండు కారణాలు. ఒకటి, ఇన్నాళ్ళు కాపాడుకొచ్చినవి కాబట్టి రోజులు గడిచేకొద్దీ పిల్లల విలువ పెరుగుతుంది, కాపలా గట్టిపడుతుంది. రెండోది మనకి ఇంకా ముఖ్యం. గుడ్లున్నప్పుడు హద్దు ఒకచోటే ఉంటుంది, కుండీ చుట్టూ ఒక అడుగు. పిల్లలు ఈదగానే హద్దు వాటితోపాటు కదులుతుంది. ఇవాళ ఈ మూల, రేపు ఆ మూల. మిగతా చేపలు ఎక్కడ ఉన్నా తప్పే అవుతుంది.

అసలు ఇవి పుట్టిన ఏటిలో అయితే తరిమించుకున్న చేప నాలుగు గజాలు పారిపోతుంది, గొడవ అక్కడితో సరి. ఓడినవాడు కనబడకుండా పోవడమే గొడవకి ముగింపు. రెండడుగుల ట్యాంకు, అంటే 24 బై 12 బై 12 అంగుళాలు, అందులో పట్టేవి 55 లీటర్ల చిల్లర. ఎక్కడికి పోతాడు? అద్దానికి కొట్టుకుని అక్కడే నిలబడతాడు. కొట్టినవాడికేమో వీడింకా పోలేదు, ఎదిరిస్తున్నాడు అనిపిస్తుంది. మళ్ళీ కొడతాడు. చచ్చేదాకా కొట్టాడంటే వాడి గుణం మంచిది కాదని కాదు, ఓడినవాడికి పోయే దారి మనం పెట్టలేదు. నాలుగడుగుల ట్యాంకులో జోడీ ఒక చివర గుడ్లు పెడితే, మధ్యలో చూపు అడ్డుపడేలా రాళ్ళో దుంగలో పేర్చి ఉంటే, మిగతావి రెండో చివర బతికిపోతాయి. నీటి కొలత కంటే కంటికి అడ్డం ఉండటం ముఖ్యమని నా లెక్క.

అలాగని జోడీని ఒంటరిగా వేరే ట్యాంకులో పెడితే హాయిగా ఉంటాయా? ఇక్కడే చాలామంది ఆశ్చర్యపోతారు. బయటి శత్రువు కనబడకపోతే మగది ఆడదాని మీద పడుతుంది. చేపల ప్రవర్తన మీద పనిచేసిన కొన్రాడ్ లోరెంజ్ ఉన్నాడు కదా, 1973లో టిన్‌బెర్గన్, ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి నోబెల్ పొందినాయన, ఆయన దీని గురించి రాశాడు. పొరుగు చేప ఉన్నంతకాలం మగది కోపమంతా దాని మీద పోతుంది, దాన్ని తీసేస్తే పెళ్ళాం మీద. దీని మీద తర్వాత శాస్త్రవేత్తలు వాదించుకున్నారు గానీ ట్యాంకు ముందు కూర్చునే మనకి మాత్రం ఇది కళ్ళారా కనబడే సంగతి. అందుకే పెంపకందార్లు మధ్యలో అద్దం పార్టిషన్ పెట్టి అవతల ఇంకో చేపని ఉంచుతారు. రెండూ కలిసి దాన్ని బెదిరిస్తూ ఉంటాయి, కాపురం నిలబడుతుంది. నవ్వకండి, మన ఇళ్ళలోనూ జరిగేదే.

ఏంజెల్‌కి వద్దాం. మీరందరూ అడిగేది ఒకటే, "సార్, గుడ్లు పెట్టి తినేస్తున్నాయి". తినకముందు ఆ గుడ్లు ఏ రంగులో ఉన్నాయో చూశారా? తెల్లగా మారాయా? తెల్లబడ్డవి చచ్చిన గుడ్లు, వాటికి బూజు పడుతుంది. అన్నీ తెల్లబడ్డాయంటే మీ దగ్గరున్న రెండూ ఆడవే కావచ్చు, ఏంజెల్‌లో రెండు ఆడవి జోడీ కట్టి చక్కగా గుడ్లు పెట్టేస్తాయి. బయటికి చూసి మగ ఆడ చెప్పడం అంత తేలిక కాదు, గుడ్లు పెట్టే సమయంలో గొట్టం చూసి చెప్పాలి. మగదానిది సన్నగా మొనదేలి ఉంటుంది, ఆడదానిది మొద్దుగా ఉంటుంది. అందుకే జోడీ కొనకండి, ఆరు పిల్లల్ని కొని కలిపి పెంచండి, వాటిలో అవే కుదుర్చుకుంటాయి. కుదరగానే మిగతావాటిని తీసెయ్యాలి, అది మర్చిపోకండి.

గుడ్లు మంచివే అయినా తింటున్నాయంటే? కుర్ర జోడీలు మొదట్లో అలా చేస్తాయి, మాటిమాటికీ లైట్ వేసి తొంగిచూసినా చేస్తాయి. చెన్నైలో కొళత్తూరు వైపు పెద్దయెత్తున పెంచేవాళ్ళు, గుడ్లు పడగానే అవి అంటుకున్న పలకని తీసి వేరే ట్యాంకులో బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ అనే మందు వేసి, గాలి పెట్టి పొదిగిస్తారు. వాళ్ళకది వ్యాపారం. మనకేం తొందర? మూడు నాలుగు సార్లు పోనివ్వండి, నేర్చుకుంటాయి. ఏంజెల్ తల్లీతండ్రీ పిల్లల గుంపుని వెంటేసుకుని తిరగడం ఒక్కసారి చూస్తే ఆ పలక తీసే పని మళ్ళీ చెయ్యరు మీరు. పిల్లలు ఈదాక ఆర్టీమియా, అంటే రొయ్యలాంటి సన్నటి ఉప్పునీటి జీవి పిల్లల్ని పెట్టండి. మన కోస్తాలో రొయ్యల హేచరీలన్నీ వాడేది అదే, దాని గుడ్లు ఉప్పునీళ్ళలో వేసి గాలి పెడితే ఒక రోజులో పగులుతాయి.

ఆ, ఫ్లవర్‌హార్న్! వాస్తు చేప. ఎవరో గుసగుసలాడుతున్నారు, వినబడింది. ఇది ప్రకృతిలో ఉండే జాతే కాదండి, 1990ల్లో మలేషియాలో అమెరికా సిక్లిడ్‌లని కలిపి తయారుచేసిన సంకరం. నుదుటి మీద బుడిపె ఉంటే అదృష్టమని మనవాళ్ళు హాల్లో పెడతారు. ఏ జాతులు కలిపారో అవన్నీ హద్దు కాచుకునేవే, కాబట్టి ట్యాంకు మొత్తం దాని ఇలాకా, మీ చెయ్యి కూడా చొరబాటుదారే. ఒంటరిగానే ఉంచండి. గుడ్లు తీయాలనుకుంటే మధ్యలో రంధ్రాల పార్టిషన్ వేసి, ఆడది అవతల గుడ్లు పెట్టాక చూసి తియ్యాలి. మగవి చాలావాటికి సంతానశక్తి ఉండదు, వాస్తు ఎంత బాగున్నా సరే.

ఆఫ్రికాలోనే ఇంకో సరస్సు టాంగాన్యీకా గురించి ఒక్క నిమిషం, ఎందుకంటే మనకి దొరకడం తక్కువ. అక్కడ శంఖాల్లో కాపురముండే మల్టీఫాసియాటస్ అని రెండంగుళాలు కూడా దాటని చేప ఉంది, దొరికితే వదలకండి. మన పొలాల్లో నత్తగుల్లలు ఏరుకొచ్చి ఉడకబెట్టి ఇసుకలో వేస్తే చాలు. అదే సరస్సులో పుల్చర్ అని ఇంకోటుంది. దాని పెద్దపిల్లలు ఇల్లు వదిలి పోవు, ఉండి తమ్ముళ్ళని చెల్లెళ్ళని కాస్తాయి, గుడ్లు శుభ్రం చేస్తాయి, హద్దు కాపలాకి వెళ్తాయి. పని చెయ్యకపోతే గెంటేస్తారు. ఆ గుంపులోకి మీరు బయటినుంచి కొత్త చేపని వేశారనుకోండి, దాన్ని కొట్టేది ఒకరిద్దరు కాదు, కుటుంబం మొత్తం కొడుతుంది.

నోట్లో పిల్లల్ని మోసే చేపలు

ఇక మలావీ. మనకి ఎక్కువ దొరికేవి బూనా చేపలు, రాళ్ళ మధ్య ఉండేవి. ఎల్లో ల్యాబ్, డెమాసోనీ, ఆరాటస్, ఇలాంటివి. హైదరాబాద్ బోరు నీళ్ళు చాలాచోట్ల లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్ళే కదా, వీటికి అవే కావాలి. రామ్‌కి కావాల్సింది మెత్తటి నీళ్ళు, దాన్ని అవే నీళ్ళలో పెట్టి ఏడవకండి.

ఇక్కడ జంట లేదు. మొగుడూ పెళ్ళాం అనే మాటే లేదు. మగది ఒక రాతి సందు పట్టుకుని రంగులు చూపిస్తుంది, వచ్చిన ఆడదల్లా దాని ముందు గుడ్లు పెట్టి వెంటనే నోట్లో వేసుకుంటుంది. మరి గుడ్లకి వీర్యం ఎలా తగులుతుంది? మగదాని పొట్ట కింద, తోకకి ముందుండే ఫిన్ మీద గుండ్రటి పసుపు చుక్కలుంటాయి, అచ్చం గుడ్లలాగే. ఆడది వాటిని కూడా ఏరుకోబోయి నోరు పెడుతుంది, మగది అప్పుడు వీర్యం వదులుతుంది, గుడ్లు నోట్లోనే ఫలదీకరణ అవుతాయి. 1962లో వోల్ఫ్‌గాంగ్ విక్లర్ అనే శాస్త్రవేత్త ఈ చుక్కలు గుడ్ల నకళ్ళు అని చెప్పాడు. అంతా నిజంగా అంతేనా అని ఇంకా వాదనలు ఉన్నాయి గానీ, ట్యాంకులో చూస్తుంటే ఆయన మాటే నమ్మబుద్ధేస్తుంది.

తర్వాత సుమారు మూడు వారాలు తల్లి దాదాపు తిండి మానేసి మోస్తుంది. తండ్రికి పిల్లలతో సంబంధం లేదు, ఇంకో ఆడది కావాలి. ఇప్పుడు మన ప్రశ్న అడగండి, ఈ చేప ఎవరిని కొడుతుంది? జంట చేప అయితే పిల్లల దగ్గరికి వచ్చినవాణ్ణల్లా కొట్టింది. దీనికి పోటీ ఎవరు? తనలాగే కనబడే ఇంకో మగది. అదే రంగు, అదే చారలు. కాబట్టి ఒకే పోలిక ఉన్న రెండు జాతుల్ని ఒక ట్యాంకులో పెట్టకండి. రెండోది, సిద్ధంగా లేని ఆడదాన్ని వెంటపడి చంపేస్తుంది. ఒక మగదానికి ఒకే ఆడది ఉంటే రోజంతా వేట ఆ ఒక్కదాని మీదే. నాలుగైదు ఆడవి ఉంటే పంచుకుంటాయి. ఆరాటస్ కుర్రవి అన్నీ పసుపుగా ముద్దుగా ఉంటాయి, చూసి మోసపోకండి, మగది పెద్దదై నల్లబడ్డాక మీ ట్యాంకులో దానికి ఎదురుండదు.

కిక్కిరిసేలా పెట్టమని అంటారే, అదెందుకు? ట్యాంకులో నాలుగు బూనాలుంటే ఒకటి మొత్తం పట్టుకుని మూడింటిని చంపుతుంది. పాతికుంటే ఎవరికీ ఇలాకా నిలబెట్టుకోవడం కుదరదు, ఒకణ్ణి తరిమేలోపు ఇంకోడు వస్తాడు. పని చేస్తుంది ఈ పద్ధతి. కానీ అంత మందికి సరిపడా ఫిల్టరు, వారంవారం నీళ్ళు మార్చే ఓపిక లేకపోతే దీని జోలికి పోకండి. కొట్లాటలో పోవాల్సినవి, చేపల వ్యర్థాల నుంచి నీళ్ళలో పేరుకునే అమ్మోనియాలో పోతాయి.

"సార్, ఒక్కటే రౌడీ ఉంది, తీసేస్తే అయిపోతుంది కదా?" అంటారు. తీసి చూడండి. ఊళ్ళో పాత రౌడీని లోపలేస్తే ఏమవుతుంది? అణిగిమణిగి ఉన్నవాడొకడు సాయంత్రానికి కాలరెగరేస్తాడు. స్టాన్‌ఫోర్డ్‌లో రస్సెల్ ఫెర్నాల్డ్ అనే ఆయన బుర్టోనీ అనే ఆఫ్రికా సిక్లిడ్ మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. అందులో అణగిన మగది వెలిసిపోయి ఆడదానిలా కనబడుతుంది. పెద్దవాణ్ణి తీసేయగానే నిమిషాల్లో రంగు వస్తుంది, కంటి దగ్గర నల్లగీత దిగుతుంది. తర్వాత రోజుల్లో మెదడులో సంతానానికి సంబంధించిన హార్మోను తయారుచేసే కణాలు పెద్దవవుతాయి, వీర్యం తయారవుతుంది. అంటే మీ ట్యాంకులో "మెతక" అనుకున్న చేప మెతకది కాదు, ఖాళీ కోసం కాచుకుని ఉంది. తీసెయ్యాల్సి వస్తే కొన్నాళ్ళు పక్కన పెట్టి, ఈలోగా రాళ్ళన్నీ మార్చి పేర్చి, అప్పుడు తిరిగి వెయ్యండి. ఎవరి అడ్డా ఏదో తెలియక అందరూ మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాలి.

ఇదే బుర్టోనీ మీద 2007లో ఇంకో ప్రయోగం వచ్చింది. పక్క ట్యాంకుల్లో జరుగుతున్న కొట్లాటలు ఒక మగదానికి చూపించారు. ఒకటో చేప రెండోదాన్ని గెలిచింది, రెండోది మూడోదాన్ని, ఇలా అయిదింటి దాకా. తర్వాత రెండోదాన్నీ నాలుగోదాన్నీ దాని ముందు పెట్టారు. ఈ రెండూ కొట్టుకోవడం అది ఎప్పుడూ చూడలేదు. అయినా బలహీనమైన నాలుగోదాని వైపే జరిగింది. చేప లెక్క వేసిందండి! అందుకే కొత్త చేపని వేసేటప్పుడు, మొదటి పది నిమిషాల్లో అది అందరిచేతా దెబ్బలు తిన్నదంటే మిగతావి చూస్తూనే ఉంటాయి. లైట్ ఆర్పి, రాత్రిపూట, వీలైతే రెండు మూడు చేపల్ని కలిపి వెయ్యండి.

మధ్యలో ఆ అమ్మాయి ఇందాక కక్కూ క్యాట్‌ఫిష్ గురించి అడిగింది. టాంగాన్యీకాలో మచ్చల జెల్ల ఒకటుంది, మల్టీపంక్టాటస్. సిక్లిడ్ గుడ్లు పెడుతున్నప్పుడు గుంపుగా దూరి, తన గుడ్లు కలిపేస్తుంది. తల్లి వాటినీ నోట్లో వేసుకుంటుంది. జెల్లపిల్లలు ముందే పగిలి సిక్లిడ్ పిల్లల్ని తింటూ పెరుగుతాయి, అక్కడే, తల్లి నోట్లోనే. 1986లో టెట్సు సాటో అనే జపాన్ శాస్త్రవేత్త దీన్ని బయటపెట్టాడు. కోయిల కాకి గూట్లో చేసే పనే, కాకపోతే నీళ్ళలో.

చివరగా పిల్లలు మోస్తున్న తల్లి. దవడ కింద ఉబ్బి ఉంటుంది, తిండి వేస్తే రాదు. వెంటనే పట్టకండి, కంగారుపడితే ఉమ్మేస్తుంది, మింగేస్తుంది. పద్ధెనిమిది, ఇరవై రోజుల దాకా ఆగి, చీకట్లో మెత్తని వలతో తీసి, స్పాంజ్ ఫిల్టరూ ఒక పైపు ముక్కా ఉన్న చిన్న ట్యాంకులో వదిలితే తనే వదులుతుంది. పాతిక దాకా ఉండొచ్చు, తక్కువే, కానీ ఒక్కొక్కటి ఎంత పెద్దగా పుడుతుందో చూడండి. రకరకాల బూనాలు కలిపి ఉన్న ట్యాంకులో తీసిన పిల్లలైతే జాతి పేరు పెట్టి అమ్మకండి, తండ్రి ఎవరో మీకూ తెలీదు, తల్లికీ తెలీదు.

వదిలాక తల్లిని ఆ రాత్రికి రాత్రే పాత ట్యాంకులో వేసేయాలని చూస్తారు. మూడు వారాలు తిండి లేదు దానికి, ఒంట్లో సత్తువ లేదు, పైగా దాని స్థానం ఇంకోటి ఆక్రమించేసి ఉంటుంది. ఒక వారం విడిగా మేపి, పొట్ట నిండాక రాత్రి లైట్లు ఆర్పి వెయ్యండి, పొద్దున్నే రాళ్ళ వెనక ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. ఇక అడగండి, ఆ చివర తమ్ముడు ఎప్పట్నుంచో చెయ్యెత్తి ఉన్నాడు.